బొడ్డు మానని పిల్లలు

"వాసన వత్తందా అండీ?"

నేను గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తుండగానే బేబీ అడిగింది. "పొద్దున్నించి రెండుసార్లు ఉతికేనండీ పొత్తిగుడ్డలు. ఫినాయిలేసి గచ్చు కూడా కడిగేను. అయినా పోవట్లేదండీ."

వస్తోంది. ముక్కులో గుచ్చుకుని కళ్ళు చెమర్చేలా చేసే మూత్రం వాసన. కానీ ఎదురుగా ఉన్నది పచ్చి బాలింత. నిన్న మధ్యాహ్నమే ఆమె భర్తను జీపులో తీసుకెళ్ళారు. ఆమె ముందు మొహం చిట్లించడానికి నాకు మనసొప్పలేదు.

"పసిబిడ్డ ఉన్న ఇల్లు కదమ్మా," అన్నాను.

ఆ మాటకే ఆమె మొహం కాస్త తేరుకుంది.

యలహంక పాత ఊళ్ళో రత్నమ్మగారి వటారం అది. ఒకే నడవకు అటూ ఇటూ అద్దె వాటాలు, చివర నీళ్ళు కాచుకునే హండె గది, వీధి వైపు ఒక చేపల కొట్టు. ఆ కొట్టు బేబీ భర్త స్టాన్లీది. ఉప్పాడ నుంచి వచ్చి నాలుగేళ్ళుగా ఇక్కడే ఉంటున్నారు. నిన్న అటవీశాఖ వాళ్ళు కొట్టు తెరిపించి చూస్తే ఐసు పెట్టెలో కొమ్ము సొర పిల్లలు, పెద్ద సొర రెక్కలు దొరికాయి. పట్టకూడని, అమ్మకూడని జాబితాలో ఉన్న సొర అది. ఈ సాయంత్రం స్టాన్లీని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. రిమాండుకు పంపితే మళ్ళీ ఎప్పుడు బయటికొస్తాడో చెప్పలేం. చర్చిలో ఎవరో నా ఫోన్ నంబరిచ్చి, భుజంగరావుగారని ఒక డిటెక్టివు ఉన్నాడు, విసుక్కోడు అని చెప్పారట. నా గురించి ఎవరైనా చెప్పగలిగిన మంచి మాట బహుశా అదొక్కటే.

"స్టాన్లీ సొర అమ్ముతాడా అమ్మా?"

"పాలసొర తెచ్చేవోరండీ, అప్పుడప్పుడూ. చిన్నదండీ అది, మూరెడుంటది. బాలింతలున్న ఇళ్ళోళ్ళు అడుగుతారు కదా. మావైపు సొరపుట్టు పెడితే పాలు బాగా పడతాయంటారు."

"నాకు తెలుసు," అన్నాను. ముప్ఫై ఏళ్ళ కిందట మా ఆవిడ కోసం మా అత్తగారు చేసేది. సొరను వేడినీళ్ళలో ముంచి, గరుకు తోలు గీరి, ఉడికించి, పిండి, వెల్లుల్లీ మిరియాలూ వేసి పొడిపొడిగా వేయించేది. మిగిలినది నాకు పెట్టేది. "మరి నీకు పెట్టాడా?"

"లేదండీ. మొన్న నాకోసం పాలసొర తెత్తానని జిగణి ఎళ్ళేరు. రత్నమ్మగారి అబ్బాయి నవీన్ గారికి అక్కడ కోల్డ్ స్టోరేజీ ఉంది కదండీ, సరుకంతా ఆళ్ళ దగ్గరే. ఉత్తి చేతుల్తో వచ్చేసేరు. ఏమైందంటే దొరకలేదన్నారు. అన్నం కూడా తినలేదండీ. చిన్నిని ఒళ్ళో పెట్టుకుని అలా కూచుండిపోయేరు."

చిన్ని పాత చీరతో కట్టిన ఉయ్యాలలో నిద్రపోతోంది. పిడికిలి మాత్రం బయటికి ఉంది, ఎవరి మీదో కేసు పెట్టడానికి వచ్చినట్టు.

ఇంతలో రత్నమ్మగారు పళ్ళెంతో వచ్చారు. వేడన్నం, వెల్లుల్లి కారం, పైన ఇంత నెయ్యి. డెబ్బై దగ్గర పడిన మనిషి. డిసెంబరు చలికి మగవాళ్ళ స్వెట్టరొకటి తొడుక్కుని, దాని చేతులు మణికట్ల దాకా లాక్కుని ఉన్నారు.

"తిను తల్లీ. నువ్వు తింటేనే గదా బిడ్డకు పాలు. ఏమప్పా, నువ్వు కాఫీ తాగుతావా? తాగకుంటే నాకు బేజారవుతాది." నా జవాబు కోసం ఆగకుండానే వెనక్కి తిరిగారు. గుమ్మంలో ఆగి ఉయ్యాల వైపు చూశారు. లోపలికి రాలేదు.

"బంగారం లాంటి మనిషండీ," అంది బేబీ, ఆమె వెళ్ళాక. "పురుడొచ్చిన కాణ్ణించీ చిన్నికి నీళ్ళు ఆవిడే పోత్తారు, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని. నిన్నటి నించీ మాత్రం చేతులు నొప్పంటన్నారు. హండె పొయ్యి కూడా ఎలిగించలేదు, పక్కింటి గీజరు నీళ్ళు వాడుకోమన్నారు."

నేను లేచాను. బేబీ అన్నం ముద్ద చేతిలో పట్టుకుని, తినకుండా అడిగింది.

"ఆయన్ని చూత్తారా అండీ? అయితే ఒక్క మాట చెప్పండి. పొద్దున్న పాపకి బొడ్డూడిందని చెప్పండి. రోజూ కొట్టు నించి రాగానే మూడుసార్లు సబ్బెట్టి చేతులు కడుక్కుని, ఫోను లైటేసి అదే చూసుకునేవోరు. ఇంకా పచ్చిగానే ఉందని బెంగెట్టుకునేవోరు."

చెబుతానన్నాను. ఆ కేసులో నాకు అప్పగించిన పనులన్నిటిలోకీ అదే తేలికైనదనుకున్నాను.

*

కొట్టు ముందు మునీంద్ర నిలబడి ఉన్నాడు. మా వృత్తిలోనే ఉన్నాడు, వయసులో నాకంటే పాతికేళ్ళు చిన్న. బెళ్ళందూరులో అద్దాల ఆఫీసు. నవీన్ తన కోల్డ్ స్టోరేజీ పేరు చెడకుండా చూసుకోవడానికి ఇతన్ని పెట్టుకున్నాడు.

"భుజంగరావు సార్! మీరు రిటైరయ్యారనుకున్నానే."

"నేనూ అప్పుడప్పుడూ అలాగే అనుకుంటాను."

"దీనికోసం ఇంత దూరం వచ్చారా? వెరీ సింపుల్ కేస్ సార్. షాపు వాడిది. బాక్స్ వాడిది. తాళం బ్రేక్ చెయ్యలేదు, కీ వాడి పాకెట్లో ఉంది. వాడు సొర అమ్ముతాడని వీధంతా చెప్తోంది. ఇంకేం కావాలి?"

"కొట్టు అద్దెకిచ్చినవాళ్ళ దగ్గర రెండో తాళంచెవి ఉంటుంది కదా."

"ఓనరమ్మ మీద డౌటా? కమాన్ సార్. పొద్దున ఆవిడ నాకు కాఫీ ఇచ్చింది."

"నాకూ ఇచ్చింది," అన్నాను. మంచి కాఫీ.

లోపలి నుంచి అటవీశాఖ రేంజ్ ఆఫీసర్ మమత పిలిచింది. ములబాగిలు అమ్మాయి, ఇంట్లో తెలుగే. "లోపలికి రండి సార్, నేల జారతా ఉండాది, చూసుకోండి. మునీంద్ర గారూ, మీరు దేన్నీ ముట్టుకోవద్దు."

థర్మోకోల్ పెట్టె మూత తీసింది. ఐసు సగం కరిగింది. మూరెడు పొడవున పదకొండు పిల్లలు, బూడిదరంగులో. కొన్నిటికి తలలు కోసేశారు. కోయనివాటికి ఆ వింత తల, సుత్తిలా అడ్డంగా సాగి, రెండు చివర్లా రెండు కళ్ళు. ఎవరో పడుకోబెట్టినట్టు ఒకే వైపు తిరిగి ఉన్నాయి. పక్కన గోనెలో పెద్ద రెక్కలు, వెన్ను మీదిది నా ముంజేయంత ఉంది.

"తలలు ఎందుకు తీసినారంటే," అంది మమత, "తల తీసేస్తే ఇది కొమ్ము సొర అని కొనేవాళ్ళకు తెలీదు. పాలసొర అని అమ్మేయొచ్చు. పెద్ద సొరలో పాదరసం చేరతాదని, బాలింతలకు వద్దని డాక్టర్లు ఒకపక్క చెప్తా ఉండారు. తల్లి ఒంట్లోది పిల్లలకూ చేరతాది సార్. ఇవి పోయేది మళ్ళా బాలింతల ఇళ్ళకే."

ఒకదాన్ని వెల్లకిలా తిప్పింది. రొమ్ము దగ్గర, రెండు రెక్కల నడుమ, ఎర్రగా చిన్న చీలిక.

"గాయమా?"

"బొడ్డు సార్. ఈ సొర గుడ్లు పెట్టదు. మనమాదిరే కడుపులో నెలల తరబడి మోసి, బొడ్డుతాడుతో పెంచి కంటాది. పుట్టినాక కొన్నాళ్ళకు ఈ చీలిక మూసుకుంటాది. వీటికి చూడండి, తాడు ముక్కలు ఇంకా వేలాడతా ఉండాయి. ఇవి పుట్టలేదు. తల్లి కడుపు కోసి తీసినారు." ఆమె పిల్లను ఎంత మెల్లగా తీసిందో అంత మెల్లగా ఐసులో పెట్టింది. "తల్లి అయ్యేదానికే దానికి పదేళ్ళు దాటాలి సార్. ఒక్క వలకు అన్నేళ్ళూ పోయినాయి, ఈ పదకొండూ పోయినాయి. రేపు సముద్రంలో ఏముంటాది?"

నేను ఒక పిల్ల వీపు మీద వేలు పెట్టి తల నుంచి తోక దాకా రాశాను. పట్టులా ఉంది. తోక నుంచి తల వైపు రాయబోతే వేలి చర్మం పట్టేసింది.

"జాగ్రత్త సార్. ఉప్పుకాగితం అది. పిల్లదే ఇట్లుంటే పెద్దదాన్ని ఒట్టి చేతులతో కౌగిలించుకుని ఎత్తితే తోలు లేచిపోతాది."

"ఆ పెద్దది ఎక్కడ?" అన్నాను.

మమత నా వైపు చూసింది. మునీంద్ర ఫోన్ లోంచి తలెత్తాడు.

"పిల్లలున్నాయి. రెక్కలున్నాయి. తల్లి ఏది?"

"తినేసుంటారు, అమ్మేసుంటారు," అన్నాడు మునీంద్ర. "హూ కేర్స్?"

"ఈ రెక్కను బట్టి చూస్తే ఆ తల్లి నీ అంత పొడవుంటుంది మునీంద్రా. స్టాన్లీకి ఉన్నది పాత మోపెడ్డు. ఈ పెట్టె దాని మీద వస్తుంది. తల్లి రాదు. తల్లి కావాలంటే వ్యాను కావాలి. అందుకే పెట్టె దొరకాల్సిన చోట పెట్టి, తల్లిని దొరకని చోట దాచారు. తల్లి ఇక్కడ దొరికి ఉంటే వ్యాను ఎవరిదని అడిగేవాళ్ళు."

"స్టోరీలు బాగా చెప్తారు సార్ మీరు. ఎవిడెన్స్ ఉందా?"

"నువ్వు చెప్పిన కథకీ లేదుగా."

మమత మధ్యలోకి వచ్చింది. "మాకు రెండు ఫోన్లు వచ్చినాయి సార్. నిన్న పగలు వచ్చినది కన్నడలో, ఈ కొట్టు అడ్రసు చెప్పి పెట్టేసినాడు. అంతకు ముందురోజు సాయంత్రం ఇంకొకటి వచ్చినాది, వేరే గొంతు. జిగణిలో ఆ కోల్డ్ స్టోరేజీ పేరు చెప్పినాడు. మేము తెల్లారేలోపల పోయినాము, ఏమీ లేదు, కడిగి పెట్టినారు."

"ఫస్ట్ కాల్ ఫేక్, మేడం. మా క్లయింటుకి ఎనిమీస్ చాలామంది," అన్నాడు మునీంద్ర.

"ఫేక్ అయినవాడు ఏడవడు," అంది మమత. "తెలుగులో మాట్లాడినాడు సార్. ఆంధ్రా పక్క తెలుగు. ఒకటే మాట తిప్పి తిప్పి చెప్పినాడు, 'ఆటికి బొడ్డు ఇంకా పచ్చిగానే ఉందండీ' అని."

ఉప్పుకాగితం మీద వేలు వేసినప్పటికంటే గట్టిగా తగిలింది ఆ మాట. పెట్టె నిండా సొరలు చూసినవాడు ఎవడైనా రెక్కలు చూస్తాడు, బరువు చూస్తాడు. బొడ్డు చూసేది ఎవరు? రోజూ ఇంటికొచ్చి ఫోను లైటు వేసి బొడ్డు చూసుకునేవాడు.

మునీంద్ర బయటికెళ్ళి ఎవరికో ఫోన్ చేస్తున్నాడు. నేనప్పుడు దాన్ని పట్టించుకోలేదు.

*

రేంజ్ ఆఫీసు వెనక గదిలో స్టాన్లీ బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ముప్ఫై దాటలేదు. గార్డు ఎవరో తన శాలువా ఇచ్చినట్టున్నారు, భుజాల మీద ఉంది. ఇంత పెద్ద చట్టం నడిచే చోట కూడా ఒకరి చలి ఇంకొకరికి తెలుస్తూనే ఉంటుంది.

"చేతులు చూపించు," అన్నాను.

అయోమయంగా చాపాడు. తిప్పి చూశాను. కత్తి గాట్లు, ఐసుకు పగిలిన వేళ్ళు. మోచేతుల లోపలి వైపు నున్నగా, ఒక్క గీత కూడా లేకుండా ఉంది. మమత గుమ్మంలో నిలబడి చూసింది.

"మొన్న జిగణి ఎందుకెళ్ళావు?"

"సరుక్కండి."

"పాలసొర కోసం."

తలెత్తలేదు.

"ఎందుకు తేలేదు?"

"దొరకలేదండి."

"పెట్టె తెరిచి చూపించారు కదా. తలలు కోసేసి పాలసొరని చెప్పమన్నారా?"

"నాకేం తెలీదండి. పెట్టె నా కొట్లో దొరికింది, నాదే అనుకోండి. రాసుకోండి."

చేయని తప్పు ఒప్పుకోవడానికి అంత తొందరపడే మనిషి ఎవరినో కాపాడుతున్నాడన్నమాట. నేను కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.

"బేబీ నీకొక మాట చెప్పమంది. పొద్దున చిన్నికి బొడ్డూడింది."

అతను ఒక్క క్షణం నా వైపు చూశాడు. తర్వాత శాలువా అంచు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. మమత గుమ్మంలోంచి తప్పుకుంది. నేను కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాను. ఏడుస్తున్న మనిషికి చూడకుండా ఉండడమే సాయమని మా ఆవిడ పోయినప్పుడు నేర్చుకున్నాను.

"మా నాన్న సొర పట్టేవోడండి," అన్నాడు చివరికి. "నేనూ అది తినే పెరిగేను. తినడం తప్పని నేననను సార్. కడుపు నిండాలి కదా. కానీ మా నాన్న చూలుది వలలో పడితే తాడు కోసి వదిలేసేవోడు. తల్లుంటే రేపు మనకీ ఉంటదనేవోడు. ఇప్పుడు పాలసొరే పడట్లేదు సార్, అంతా ఊడ్చేసేరు. అందుకని తల్లుల కడుపులు కోసి ఆ పిల్లల్ని పాలసొరంటున్నారు. నేను... బేబీకి పుట్టు చేద్దామని ఒకదాన్ని చేతిలోకి తీసుకున్నానండి. తిప్పితే బొడ్డు. మా పాపకున్నట్టే, అలాగే. నా చేతిలోంచి జారిపోయింది."

"ఫోన్ చేసింది నువ్వే."

"గట్టిగా అనకండి సార్!" లేచి నిలబడ్డాడు. "ఇయ్యి నేనమ్మను అన్నానని ఆళ్ళకి కోపం. రాత్రికి రాత్రి సరుకు మార్చేసేరు. కానీ ఫోన్ చేసింది నేనని ఆళ్ళకింకా తెలీదు. తెలిస్తే... నిన్న నన్ను జీపెక్కిత్తంటే జనంలోంచి ఒకడు నా చెవిలో చెప్పేడు. 'బేబీ, పాప బాగానే ఉన్నారులే, మా కళ్ళ ముందే ఉన్నారు' అని." గుమ్మం వైపు ఒకసారి చూశాడు. "ఆ ఫోన్ సంగతి మీకెవరు చెప్పేరు సార్? అప్పుడు అక్కడింకెవరున్నారు?"

మునీంద్ర. ఫోన్ చెవికి పెట్టుకుని వీధిలోకి నడుస్తున్న మునీంద్ర.

"ముందు బేబీని అక్కణ్ణించి తీసేయండి సార్. తరవాత మీరేం రాయమంటే అది రాత్తాను."

మా కళ్ళ ముందే. ఎవరి కళ్ళ ముందు? లేచి తలుపు దాకా వెళ్ళాను. మమత అక్కడే ఉంది.

"ఒకటి చెప్పమ్మా. పెద్ద సొరను ఐసు లేకుండా ఉంచితే ఏమవుతుంది?"

"కంపు సార్. దాని ఒంట్లో యూరియా ఎక్కువ, కుళ్ళితే అమోనియా. అచ్చం ఉచ్చ వాసన. వేడి తగిలితే ఇంకా తొందరగా."

మా అమ్మాయి పుట్టినప్పుడు మా ఆవిడకు జ్వరం. పొత్తిగుడ్డలన్నీ నేనే ఉతికాను. తల్లిపాలు తప్ప ఇంకేమీ ఎరగని బిడ్డ తడిపిన గుడ్డ పెద్దగా వాసన రాదు. కళ్ళలో నీళ్ళు తెప్పించడం అన్నది అసలే లేదు. ఆ సంగతి నా చేతులకు ముప్ఫై ఏళ్ళుగా తెలుసు. పొద్దున ఆ గుమ్మంలో మర్యాద అడ్డం వచ్చింది.

"నిన్న వటారం మొత్తం వెతికారా?"

"వెతికినాము. హండె గది తలుపు తీస్తే కట్టెలుండాయి. వాసన వస్తా ఉండాదని మా వాడు అన్నాడు. పక్కన పురిటి గది, పసిబిడ్డ గుడ్డలప్పా అని..." మమత నా వైపు తిరిగింది. "ఆ అవ్వ చెప్పినాది."

"మనుషుల్ని కూడగట్టుకుని జీపులో రా. నేను ముందు వెళ్తాను."

*

వటారంలో మధ్యాహ్నపు నిశ్శబ్దం. బేబీ వాటా తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసి చూశాను. ఆమె గోడవైపు తిరిగి గాఢంగా నిద్రపోతోంది. పళ్ళెం ఖాళీగా ఉంది.

ఉయ్యాల కూడా ఖాళీగా ఉంది.

నడవ చివరికి నడిచాను. అడుగడుక్కీ వాసన చిక్కబడింది. హండె గది మెట్టు మీద రత్నమ్మగారు కూర్చుని ఉన్నారు. స్వెట్టరు చేతులు పైకి మడిచి ఉన్నాయి. మోచేతుల లోపలి వైపు, కొబ్బరి కోరాము మీద గీసినట్టు, తోలు లేచి ఎర్రగా ఉంది. దాని మీద నూనె రాసుకున్నారు. ఆ చేతులు తగలకుండా పాత చీర నాలుగు మడతలు పెట్టి, ఆ మడతల మీద చిన్నిని పడుకోబెట్టుకున్నారు.

"కూచో అప్పా," అన్నారు మెల్లగా. "పాప ఇప్పుడే కండ్లు మూసినాది."

"చేతులకేమైందమ్మా?"

"చూసినావు గదా. అడిగేదెందుకు?"

నేను ఎదురుగా గచ్చు మీద కూర్చున్నాను. అందుకోగలిగినంత దూరంలో.

"లోపల ఉందా?"

"కట్టెల వెనకాల ఉండాది. నవీను తల పక్క పట్టుకున్నాడు, గ్లౌజులు వేసుకోని. నన్ను తోక పక్క పట్టమన్నాడు. రెండు దినాలమ్మా, ఎవరూ చూడరు అన్నాడు. బాలింత గది పక్కన ఎవరు వెతుకుతారు అన్నాడు." చిన్ని నిద్రలో మూలిగితే మోకాళ్ళు అటూ ఇటూ ఊపారు. "అది ఏమి మీనో నాకు తెలీదప్పా. మోస్తా ఉంటే కడుపు తెరుచుకోని ఉండాది, ఖాళీగా. అప్పుడు తెలిసినాది, అది ఆడదని. తాళంచెవి కూడా నేనే ఇచ్చినా. ఎందుకని అడగలేదు. అడిగితే చెప్తాడేమో అని భయం."

"స్టాన్లీ సాయంత్రం జైలుకు పోతాడమ్మా."

"తెలుసు. బేబీకి అన్నం పెట్టేటప్పుడంతా తెలుసు. నా కొడుకు గదప్పా. నేనూ కన్నాను గదా."

"మొన్నటిదాకా పాపకు నీళ్ళు పోసిన చేతులవి," అన్నాను. "పాపను ఇటివ్వండి."

ఆమె ఇవ్వలేదు. నా వెనక, నడవ అవతల, వీధి గేటు వైపు చూస్తున్నారు.

"నీకు తెలీదు. ఇంతకుముందు నవీను ఫోన్ చేసినాడు. జిగణి సంగతి బయట పెట్టింది స్టాన్లీనే అని ఇప్పుడు తెలిసినాదంట. బేబీని, బిడ్డను తయారు చేసి పెట్టు, ఊరికి పంపిస్తానని వస్తా ఉండాడు. ఊరికి పంపించేదానికి నలుగురు మనుషులు ఎందుకప్పా?" చీర మడత పాప మీదికి ఇంకాస్త లాగారు. "అందుకే పాపను నా దగ్గర పెట్టుకున్నా. తల్లి అలసిపోయి పండుకోని ఉండాది, బిడ్డ అయినా నా ఒళ్ళో ఉంటే వాడు గుంజుకోడు. గుంజుకుంటాడా? నాకు తెలీలేదు. నా కొడుకు ఏం చేస్తాడో నాకు తెలీకుండా పోయినాది."

వీధిలో వ్యాను ఆగిన చప్పుడు. తలుపులు ఒకదాని వెంట ఒకటి తెరుచుకున్నాయి. మమత జీపు ఇంకా రాలేదు.

రత్నమ్మగారు పాప తల కింద అరచేయి పెట్టి, మెడ వాలకుండా, చీర మడతలతో సహా చిన్నిని నా చేతుల్లో పెట్టారు. ఎంత పదిలంగా పెట్టారంటే బిడ్డ కళ్ళు తెరవలేదు.

"బేబీని లేపు. హండె గదిలో కట్టెల పక్కన వెనక తలుపు ఉండాది, సందులోకి పోతాది. ఆ మీనును దాటుకోని పోవాల. కండ్లు మూసుకోమను బేబీని, పచ్చి బాలింత, దాన్ని చూడకూడదు."

ఆమె లేచి స్వెట్టరు చేతులు మణికట్ల దాకా లాక్కున్నారు. ఉన్ని తగిలి మంట పుట్టినట్టుంది, ఒక్కసారి పెదవి కొరుక్కున్నారు. తర్వాత గేటు వైపు నడిచారు.

నేను బేబీని లేపాను. నా చేతుల్లో బిడ్డనూ నా మొహాన్నీ చూసి చప్పున లేచింది. కట్టెల వెనక గోనెల కింద ఆ తల్లి పొడవుగా పడుకుని ఉంది. బేబీ కళ్ళు మూసుకుని నా భుజం పట్టుకుంది. నేను మూసుకోలేదు. ఎవరో ఒకరు చూడాలి కదా.

వెనక తలుపు గడియ తీస్తుండగా, ముందువైపు వటారం గేటుకు లోపలి నుంచి గొళ్ళెం పడిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే ఆమె గొంతు, రోజూ ఎలా ఉంటుందో అలాగే.

"వచ్చినావా నవీనూ? అక్కడే నిలబడుకో. అన్నం తిన్నావా లేదా, ముందు అది చెప్పు."